సుత్తి దెబ్బకు పలుకు ఇనుము

(రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కట్టడములలోని లోపములను వాని కంపనములను బట్టి కనుగొను పద్ధతిని గురించి మాటలాడవలసినదిగా ఈ తరగతి నిర్వాహకులు మమ్ములను కోరినారు. విషయము పేరు వినగానే, ఇది ఇంజనీర్ల సంగతి గదా, గ్యాంగులో పనిచేయువారికిని, ఉత్తరములు వేరుచేయువారికిని దీనితో ఏమి పని అని మీలో కొందరికి తోచియుండును. మాకును మొదట అట్లే తోచినది. పుస్తకములు తిరగవేసిన తరువాత తెలిసినదేమనగా, ఈ విద్య మనవారి చేతిలో ఏనాటినుండియో ఉన్నదే. పెద్దపేరు మాత్రము దానికి తరువాత వచ్చినది.

సంతలో కుండ కొను తల్లి ఏమి చేయును? కుండను ఒక చేత ఎత్తి పట్టుకొని, రెండవచేతి వేలి కణుపుతో తట్టి చూచును. ఖంగున మ్రోగినచో గంపలో పెట్టుకొనును. శబ్దము బొంగురుగా వచ్చినచో, కంటికి బీట కనిపింపకున్నను, పక్కన పెట్టును. వెండి రూపాయిలు చెలామణిలో ఉన్న రోజులలో కౌంటరు వద్ద కూర్చుండు గుమాస్తా సందేహము కలిగిన నాణెమును బల్లపై మ్రోగించి చూచి గాని లెక్కలో వేసుకొనెడివాడు కాడు. ఇక బండి స్టేషనులో ఆగగానే పొడుగుపాటి పిడిగల సుత్తితో ఒక్కొక్క చక్రమును తట్టుచు, ఆ మ్రోతకు చెవి యొగ్గి నడచిపోయిన కారేజి-వ్యాగను ఉద్యోగులను మనలో పెద్దవారందరును చూచియున్నారు. మెయిలు వ్యానులో రాత్రంతయు నిలబడి పనిచేసిన ఆర్.ఎం.ఎస్. సోదరులకు ఆ టంగు టంగుమను శబ్దమే పెద్ద స్టేషను వచ్చినదని తెలుపు గుర్తు. ఆ సుత్తి దెబ్బ ఏమి అడుగుచున్నది, ఇనుము ఏమి సమాధానము చెప్పుచున్నది అనునదే నేటి మన విషయము.

ప్రతి వస్తువునకును తనదైన ఒక స్వరము కలదు. కొట్టి విడిచిపెట్టినచో అది సెకనుకు ఇన్నిసార్లు అని ఒక నియమము ప్రకారము కంపించును. ఆ సంఖ్యను సహజ పౌనఃపున్యము అందురు. వస్తువు బిగువుగా ఉన్నకొలది ఆ సంఖ్య పెరుగును. బరువు పెరిగినకొలది తగ్గును. వీణ తీగను బిగించినచో స్వరము హెచ్చుట, లావు తీగ సన్నతీగకన్న మందముగా పలుకుట ఈ కారణము చేతనే. పగులు వచ్చిన చోట వస్తువు బిగువు తగ్గును గనుక స్వరము కొంచెము దిగును. అంతకన్న ముఖ్యమైన మార్పు మరియొకటి కలదు. పగులు యొక్క రెండు పెదవులును కంపించునప్పుడు ఒకదానినొకటి రాచుకొని, కంపనములోని శక్తిని తినివేయును. అందుచేత మ్రోత చాలసేపు నిలువక వెంటనే అణగిపోవును. చెవికి బొంగురుగా తోచునది ఇదియే. ఇరుసుపై పట్టు వదలిన చక్రమైనను, చక్రముపై వదులైన టైరైనను ఇట్లే పలుకును.

ఇనుము అలసిపోవునని లోకమునకు మొదట నేర్పినది కూడ రైలు పనియే. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వెర్సాయి నుండి పారిస్ వచ్చు బండికి ఇంజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదము జరిగినది. బాగుగా ఉన్నట్లు కనిపించిన ఇరుసు, తాను మోయగల బరువుకు లోబడియే తిరుగుచు, ఒకనాడు పుల్లవలె ఏల విరుగవలెనను ప్రశ్న అప్పుడు గట్టిగా పుట్టినది. స్కాట్లండుకు చెందిన రాంకిన్ మరుసటి సంవత్సరము విరిగిన ఇరుసులను పరీక్షించి, పగులు ఒకచోట చిన్నగా మొదలై క్రమముగా లోనికి పెరుగునని వ్రాసినాడు. తరువాత జర్మనీ రైల్వేలలో పనిచేసిన వోలర్ అను ఇంజనీరు ఇరుసులను లక్షలసార్లు త్రిప్పి వంచి, ఎంత బరువుకు ఎన్ని త్రిప్పులు ఓర్చునో కొలిచి చూపినాడు. విరుగుట ఒక్క క్షణమునకు సంబంధించిన సంగతి కాదు, దానికి ముందు చాలకాలపు చరిత్ర ఉండునని దీనివలన తెలిసినది. ఆ చరిత్ర నడుచుచున్నప్పుడే వినగలుగుట మన పని.

సుత్తికి హద్దులు లేకపోలేదు. చక్రపు గూటి లోపల ఇరుసుపై వచ్చిన వెండ్రుకవంటి పగులును ఎంత అనుభవజ్ఞుని చెవియైనను పట్టలేదు. అందుకే చెవికి వినిపించని, సెకనుకు 20 లక్షలసార్లు, అంతకు మించియు కంపించు అతిధ్వనిని ఇరుసులలోనికిని, పట్టాలలోనికిని పంపి, పగులునుండి తిరిగివచ్చు ప్రతిధ్వనిని చూచు పద్ధతి వచ్చినది. మన రైల్వేలలో అది నిత్యకృత్యము. అట్లే బండి పోవుచుండగా చక్రపు దెబ్బను పట్టాయే కొలిచి చెప్పు ఏర్పాట్లు కొన్ని లైనులలో ఉన్నవి. ఒకచోట చదునుపడిన చక్రము ప్రతి త్రిప్పునకును పట్టాను సుత్తివలె కొట్టును. ఆ దెబ్బ ఎన్నవ వ్యాగనులోని ఎన్నవ ఇరుసుదో యంత్రము వ్రాసిపెట్టును. పెట్టె నేలపై కంపన మాపకమును ఉంచి, ఏ కిలోమీటరు వద్ద పెట్టె హద్దు మీరి ఊగినదో గుర్తించి, ఆ చోటికి గ్యాంగును పంపుటయు మీరెరిగినదే. ఈ యంత్రములన్నియు ఆ పాత సుత్తి సంతానమే.

వినుట ఒక ఎత్తు, విన్నదానిని లెక్కచేయుట మరియొక ఎత్తు. ఈ రెంటికి మధ్యనున్న అగాధమును చూపుటకు జర్మనీలో జరిగిన ఒక ప్రమాదమును కొంచెము వివరముగా చెప్పవలసియున్నది.

1998 జూన్ 3వ తేదీన మ్యూనిక్ నుండి హాంబర్గు పోవు ఐ.సి.ఇ. అను వేగపు బండి ఎషెడె అను గ్రామము వద్ద పడిపోయినది. 101 మంది మరణించినారు. బండి అప్పుడు గంటకు 200 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. ఒక చక్రపు టైరు విరిగి, విచ్చుకొని, పెట్టె నేలలోనికి గ్రుచ్చుకొన్నది. బండి అట్లే కొన్ని కిలోమీటర్లు పోయినది. పాయింట్ల వద్ద పెట్టెలు పట్టాలు తప్పి, రోడ్డు వంతెన స్తంభములను కొట్టగా, ఆ వంతెన వెనుక పెట్టెలపై కూలినది.

ఆ చక్రము కథ కంపనముతోనే మొదలైనది. ఆ బండ్లకు మొదట ఒకే ముద్దగా పోతపోసిన చక్రములుండెడివి. అవి కొంత అరిగి గుండ్రదనము తప్పగానే భోజనశాల పెట్టెలో గ్లాసులు, ప్లేట్లు గలగలలాడినవి. ప్రయాణికులు ఫిర్యాదు చేసినారు. దానిని మాన్పుటకు చక్రమునకును, దాని చుట్టునున్న ఉక్కు టైరునకును నడుమ రబ్బరు పట్టీ పెట్టినారు. ట్రాములకు అట్టి చక్రములు వాడుకలో ఉన్నవి గాని, ఇంతటి వేగమునకును, ఇంతటి బరువునకును కాదు. రబ్బరుపై కూర్చున్న టైరు ప్రతి త్రిప్పునకును కొంచెము నొక్కుకొని, మరల సాగును. రోజుకు ఎన్ని లక్షల త్రిప్పులో మీరే లెక్కవేసికొనవచ్చును. పగులు టైరు లోపలి ముఖమున, రబ్బరు వైపున పుట్టినది. బయటినుండి చూచువానికి అది కనిపించు వీలు లేదు.

సోదరులారా, ఆ పగులు ఏమియు చెప్పక ఊరకుండలేదు. ప్రమాదమునకు ముందు రెండు నెలలలో ఆ చక్రమున్న బోగీ నుండి శబ్దము, అదురు వచ్చుచున్నవని బండి సిబ్బంది ఎనిమిదిసార్లు వ్రాసి ఇచ్చినారు. చక్రము మార్చబడలేదు. మేము దీనిని చదివినప్పుడు చాలసేపు ఆ ఎనిమిది అను సంఖ్య వద్దనే ఆగిపోయినాము. వ్రాసినవారు యంత్రశాస్త్రజ్ఞులు కారు. రోజూ ఆ పెట్టెలో తిరుగువారు. నిన్నటి శబ్దమునకును, నేటి శబ్దమునకును భేదము వారికి తెలిసినది. పగులును కనుగొనుటకు కావలసిన వార్త కాగితముపై ఉన్నది. దానిని చదివి, బండిని ఆపవలసిన చేయి మాత్రము కదలలేదు. ప్రమాదము తరువాత ఆ జాతి బండ్లన్నిటికి రబ్బరు చక్రములను తీసివేసి, పాత ఒకేముద్ద చక్రములను మరల వేసినారు.

ఇప్పుడు వంతెనలకు వత్తము. చక్రమును సుత్తితో కొట్టవచ్చును. వంతెనను ఎవరు కొట్టగలరు? బండియే కొట్టును. బండి పోయిన తరువాత గర్డరు కొన్ని క్షణములు తనంతట తాను ఊగును. పెద్ద వంతెనల స్వరము చెవికి అందదు; అది సెకనుకు రెండు మూడు మొదలు పది పదిహేను ఊపుల వరకు ఉండును. గర్డరుకు అంటించిన కంపన మాపకము దానిని వ్రాసిపెట్టును. గాలివలనను, నదీ ప్రవాహము వలనను కలుగు సన్నని కంపనములు కూడ నేటి పరికరములకు చాలును.

అయినచో పరికరము పెట్టి, స్వరము దిగినదా లేదా చూచి, వంతెన మంచిచెడ్డలు చెప్పివేయవచ్చునా? ఇచ్చటనే చాలమంది తొందరపడుదురు. లెక్క చూడుడు. స్వరము బిగువు యొక్క వర్గమూలమును బట్టి మారును. అనగా మొత్తము బిగువు నూటికి 19 వంతులు పోయినచో స్వరము నూటికి 10 వంతులే దిగును. ఒకచోట వచ్చిన పగులు మొత్తము బిగువులో ఎంత భాగమును హరించును? చాల కొద్ది. కనుక ప్రమాదకరమైన పగులుండియు స్వరము ఇంచుమించు మారకుండ ఉండవచ్చును.

దీనిని అమెరికాలో ఒక నిజమైన వంతెనపై పరీక్షించి చూచినారు. న్యూ మెక్సికో రాష్ట్రమున ఆల్బుకర్కీ వద్ద రియో గ్రాండ్ నదిపైనున్న ఐ-40 రహదారి వంతెనను పడగొట్టవలసియుండగా, 1993లో లాస్ ఆలమోస్ ప్రయోగశాల వారు ఆ అవకాశమును ఉపయోగించుకొన్నారు. మోయుచున్న ఉక్కు గర్డరును నాలుగు విడతలుగా మంటతో కోయించి, ప్రతి కోతకును స్వరము కొలిచినారు. కోతకు ముందు మొదటి స్వరము సెకనుకు 2.48. గర్డరు నడుమ రేకులో రెండు అడుగులు కోసిన తరువాత అది తగ్గుటకు మారుగా 2.52 అయినది! ఆ కోతను క్రింది అంచు వరకు పొడిగించినను దిగలేదు. క్రింది అంచు పలకను కూడ పూర్తిగా తెగగోసిన తరువాత గాని అది 2.30కి దిగలేదు. వెన్నెముక తెగువరకు ఆ ఒక్క సంఖ్య నోరు మెదపలేదన్నమాట. మొదట స్వరము పెరుగుటకు కారణము ఎండ, చలి అని తరువాత తేల్చినారు.

ఎండ, చలి సంగతి స్విట్జర్లాండులో మరింత స్పష్టమైనది. అచ్చట రహదారిపైనున్న జెడ్ 24 అను కాంక్రీటు వంతెనను, పక్కనుండి క్రొత్త రైలుమార్గము వేయుటకై తీసివేయవలసివచ్చినది. తీసివేయుటకు ముందు 1997-98లో దాదాపు ఒక సంవత్సరము రాత్రింబగళ్లు దాని స్వరమును కొలిచినారు. శీతకాలమున గడ్డకట్టు చలి రాగానే పైనున్న తారు గట్టిపడి, వంతెన స్వరము ఎగబ్రాకినది. ఆ తరువాత కావలెనని చేసిన చెరుపుల కన్న ఋతువుల మార్పే కొన్నిచోట్ల పెద్దదిగా కనిపించినది. మనకు తారు గడ్డకట్టు చలి లేదు గాని, విజయవాడ, రామగుండము ఎండలు కలవు. తెల్లవారుజామున కొలిచినదానిని మిట్టమధ్యాహ్నము కొలిచినదానితో పోల్చినచో ఏమి తెలియును? సూర్యుని సంగతి తెలియును, వంతెన సంగతి తెలియదు.

ఈ కారణముచేత ఆ శాస్త్రజ్ఞులు ఒక్క స్వరముతో ఆగక, వంతెన ఏ ఆకృతిలో ఊగుచున్నదో, ఏ చోట వంపు ఎక్కువగా ఉన్నదో, ఊపు ఎంత త్వరగా అణగుచున్నదో గూడ చూచుచున్నారు. చాల చోట్ల మాపకములు పెట్టినచో దెబ్బతిన్న తావు ఇంచుమించుగా తెలియును. ఆ గణితములోనికి మనము పోనక్కరలేదు. మనకు కావలసినది ఒక్కటి: ఆరోగ్యముగా ఉన్ననాటి స్వరము ఎవరి వద్ద ఉన్నదో వారికే నేటి స్వరము అర్థమగును. పాత కొలత లేనిచో తోటివానితో పోల్చుకొనవలెను. రాజమహేంద్రవరము వద్ద 1900లో తెరచి 1997 వరకు బండ్లు నడిచిన పాత గోదావరి వంతెనకు ఒకే కొలతగల స్పానులు 56 ఉన్నవి. అట్టి వంతెనపై ఒక స్పాను వేరుగా పలికినచో చెప్పుటకు 55 మంది సాక్షులుందురు. వంతెనపై నడుచు కీమ్యాను తెలిసియో తెలియకయో చేయు పోలిక ఇదియే.

స్వరము నిజముగా గొప్పగా పనిచేయు చోటు ఒకటి కలదు. అది గర్డరు కాదు, నీటిలో నిలిచిన స్తంభము. మన దేశములో వంతెనలవలన జరిగిన మహాప్రమాదములలో చాలవరకు ఉక్కు విరిగి జరిగినవి కావు, వరద వలన జరిగినవి. 1956 సెప్టెంబరు 2వ తేదీన మహబూబ్‌నగరు, జడ్చర్లల మధ్య వంతెన కూలి బండి పడి నూరుమందికి పైగా చనిపోయినారు. ఆ నవంబరులోనే మద్రాసు రాష్ట్రమున అరియలూరు వద్ద మరుదయారు వరదలో మరియొక బండి పడిపోగా, రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేసినారు. వరద నీరు స్తంభపు పాదము చుట్టునున్న మట్టిని కోసివేయును. వరద తీయగానే ఆ గోతిలో వదులు ఇసుక, ఒండ్రు వచ్చి నిండును. పైకి అంతయు సమతలముగానే కనిపించును. చూచువాడు ఏమియు జరుగలేదనుకొనును. కాని వదులు ఇసుక స్తంభమును పట్టి నిలువలేదు. స్తంభపు బిగువు తగ్గును. దాని స్వరము దిగును. గర్డరులోని పగులువలె ఇది ఏ మూలనో జరుగు చిన్న మార్పు కాదు, మొత్తము స్తంభపు నిలుకడకు సంబంధించిన మార్పు. కనుక కొలతకు అందును.

జపాను రైల్వేలవారు దీనిని పట్టుకొన్నారు. 1980 దశకము నుండి వారు వాడుచున్న పద్ధతి వినుడు: సుమారు 30 కిలోల ఇనుప గుండును త్రాటితో వ్రేలాడదీసి, స్తంభపు తలపై ప్రక్కనుండి కొట్టుదురు. ఊగిన ఊపును కంపన మాపకము వ్రాసికొనును. ఆ సంఖ్యను ఆ స్తంభమునకు పూర్వము కొలిచిన సంఖ్యతోనో, ఆ జాతి స్తంభమునకు ఉండవలసిన సంఖ్యతోనో పోల్చుదురు. పదింట ఏడు వంతులకు దిగినచో అది అత్యంత ప్రమాదకరమైన తరగతి క్రింద చేరును. వరద తరువాత బండ్లను మరల వదలవచ్చునా లేదా అని తేల్చుటకు ఈ పరీక్ష వారికి ఆధారము. కుండను తట్టు తల్లికి, గుండుతో స్తంభమును తట్టు ఇంజనీరుకు భేదము గుండు బరువులోనే ఉన్నది.

మన దేశములోను ఈ పని జరుగకపోలేదు. 1914లో తెరచిన పాంబన్ వంతెన సముద్రపు ఉప్పుగాలిలో నూరేండ్లకు పైగా నిలిచినది. 1964 డిసెంబరు తుపానులో దాని గర్డర్లు చాలవరకు కొట్టుకొనిపోగా మరల నిలబెట్టినారు. ముసలితనమున దానికి కొలత పరికరములు అమర్చినారు. 2022 డిసెంబరులో, ఓడలకు దారి ఇచ్చుటకై పైకి లేచు భాగమున ఆ పరికరములు హెచ్చరించుటతో, బండ్లను నిలిపివేసినారు. రామేశ్వరము యాత్రికులు మండపములో దిగి రోడ్డుమార్గమున పోవలసివచ్చినది. క్రొత్త వంతెన 2025 ఏప్రిల్ 6వ తేదీన తెరచువరకు ఆ ఇబ్బంది తప్పలేదు. ఇబ్బంది కలిగినది, నిజమే. కాని ఆ ఇబ్బంది పడినవారందరును నేడు తమ ఇండ్లలో కూర్చుండి దానిని గురించి చెప్పుకొనగలుగుచున్నారు.

మా ఎరుకలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పి ఈ భాగమును ముగింతుము. స్థలము, అధికారి పేరు అనవసరము. ఒక సెక్షనులో కీమ్యాను ఒకడు చాల సంవత్సరములు అదే బీటులో నడిచినాడు. ఒక చలికాలపు ఉదయమున గూడ్సు బండి గర్డరు వంతెన దాటిపోయిన తరువాత, ఎప్పుడును లేని గొణుగుడు ఒకటి అతనికి వినిపించినది. రెండవరోజు నిలబడి విన్నాడు. మేటుకు చెప్పినాడు. మేటు పుస్తకములో "వంతెన శబ్దము సరిగా లేదు" అని వ్రాసినాడు. పైనుండి వచ్చిన సమాధానము ఒక్క మాట: "ఎంత?" అట్లు మూడుమార్లు వ్రాయుటయు, మూడుమార్లు అదే ప్రశ్న వచ్చుటయు జరిగినది. తుదకు వంతెనల మేస్త్రి ఒకడు తన పనిమీద ఆ దారిన వచ్చి, రివెట్లను పరీక్షించినాడు. ఆ పరీక్ష మీలో వంతెన పనివారికి తెలిసినదే. రివెట్టు ఒకవైపు తలపై, పలకకును తలకును తగులునట్లు వేలు ఆనించి, రెండవవైపు తలను 110 గ్రాముల చిన్న సుత్తితో ప్రక్కనుండి తట్టవలెను. వదులైనచో వేలికి కదలిక తెలియును. అడ్డగర్డరు కలియు చోట ఒక వరుస రివెట్లు వదులైయున్నవి. మార్చినారు. గొణుగుడు ఆగినది. ప్రమాదము జరుగలేదు గనుక ఆ సంగతి ఎచ్చటను నమోదు కాలేదు, ఆ కీమ్యాను పేరు ఎవరును అడుగలేదు.

"ఎంత?" అను ప్రశ్న తప్పు అని మేము అనము. అది మంచి ప్రశ్నయే. కాని దానిని అడుగవలసినది కీమ్యానును కాదు, పరికరమును. కీమ్యాను చెప్పగలిగినది "నిన్నటివలె లేదు" అని మాత్రమే. ఆ మాట విన్నవెంటనే పరికరము పట్టుకొని వచ్చి ఎంతయో కొలుచుట పైవారి వంతు. మనవారిలో కొందరు యంత్రము వచ్చుచున్నదనగానే ఉద్యోగము పోవునని భయపడి, దానిని ద్వేషింతురు. ఆ భయము ఊరక పుట్టినది కాదు. యంత్రము పెట్టితిమి గనుక బీటు పొడిగింతుము, పోస్టు ఎత్తివేయుదుము అని వాదించువారు లేకపోలేదు. అట్టివారికి ఆల్బుకర్కీ గర్డరును చూపవలెను. రెండడుగుల కోతను ఆ సంఖ్య చెప్పలేదు. దారిన నడచుచు క్రిందికి వంగి చూచు మనిషి చెప్పియుండును. అట్లే వరద తరువాత ఒండ్రు క్రింద దాగిన గోతిని ఆ మనిషి కన్ను చెప్పలేదు. 30 కిలోల గుండు చెప్పును. ఒకరికి తెలియనిది మరియొకరికి తెలియును గనుక ఇద్దరును కావలెను.

కనుక సమాఖ్య తరపున యాజమాన్యముతో మాటలాడునప్పుడు మనము పట్టుబట్టవలసినదని మాకు తోచినది ఇది. క్రొత్త వంతెన తెరచిననాడే దాని స్వరమును, ప్రతి స్తంభపు స్వరమును, ఆనాటి వేడిని కొలిచి వ్రాయవలెను. ఆ కాగితము ప్రధాన కార్యాలయములో బీరువాలో కాక, సెక్షనులో పనివారి కంటికి అందునట్లు ఉండవలెను. శబ్దము మారినదని, అదురు వచ్చినదని గ్యాంగునుండి గాని, లోకో పైలటు నుండి గాని, గార్డు నుండి గాని, పెట్టెలో పనిచేయు తపాలా ఉద్యోగి నుండి గాని వచ్చిన మాటకు ఒక నంబరు, ఒక తేదీ, వ్రాతపూర్వకమైన సమాధానము ఉండవలెను. ఇప్పుడున్న ఫారములలో చాలవాటికి "ఏమి వినిపించినది" అను గడియే లేదు. ఒకే చోటు నుండి రెండవమారు అట్టి మాట వచ్చినచో, కొలిచి చూచువరకు వేగము తగ్గించు అధికారము స్థానికముగా ఉండవలెను. ఎషెడెలో ఎనిమిదిమార్లు వ్రాసినారని మరువవలదు.

ఆర్.ఎం.ఎస్. సోదరులు నవ్వుచున్నారు. మేము ఉత్తరములు చూతుమా, బోగీ శబ్దము విందుమా అని. ఎషెడె బండిలో ఫిర్యాదు వ్రాసినవారు చక్రపు పనివారు కారని మరల మనవి చేయుచున్నాము.

ఉపన్యాసము ఇంతటితో ఆపుదుము. టీ తరువాత అందరును వెనుకనున్న సైడింగు వద్దకు రాగోరుచున్నాము. అచ్చట ఫిష్ ప్లేటు ఒకటి నాలుగు బోల్టులతో బిగించి ఉంచినాము. మొదట బిగువుగా ఉండగా తట్టి వినవలెను. తరువాత ఒక బోల్టు వదులుచేసి తట్టుదుము. మూడవమారు ఏ బోల్టు వదులు చేసినామో చెప్పకుండ తట్టుదుము. విన్నవారు తమకు తోచినది చీటీపై వ్రాసి ఇవ్వవలెను. సుత్తులు రెండు తెచ్చినాము; చీటీలు ఎవరివి వారే తెచ్చుకొనుడు.